కొలవని పంపకం

చొక్కాలు మడతపెట్టడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు లేరు. అడుగున బరువైన ప్యాంట్లు, వాటి మీద చొక్కాలు, సందుల్లో మేజోళ్ళు, పక్కగా గడ్డం గీసుకునే సామాను ఉన్న చిన్న సంచి. చలికోటు పెట్టాలా వద్దా అని దాన్ని చేతుల్లో పట్టుకుని కాసేపు నిలబడింది. వెళ్ళే గదికి కిటికీ రెక్క సరిగా పడదని అతనే అన్నాడు. కోటు కూడా మడిచి పెట్టి, బ్యాగును మోకాలితో అదిమి జిప్పు లాగింది.

"బనీన్లు పెట్టావా?" హాల్లోంచి అడిగాడతను.

"పెట్టాను. కొత్తవి పైనే ఉన్నాయి."

"పాతవి?"

"పాతవాటికి చిల్లులు పడ్డాయి. షాపులో మిషన్లు తుడవడానికి తీసేశాను. కొత్త కాపురానికి చిల్లుల బనీన్లు దేనికి?"

"కొత్త కాపురమా నా మొహమా! ఒంటి గది, ఒక మంచం."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

వీధిలోంచి ఎవరైనా తొంగిచూస్తే, మొగుడు పనిమీద పొరుగూరు వెళ్తున్నాడనీ పెళ్ళాం శ్రద్ధగా సర్దిపెడుతోందనీ అనుకునేవారు. కానీ అతను ఆ ఇంట్లోంచి పూర్తిగా వెళ్ళిపోతున్నాడు. ఇద్దరూ విడాకులు తీసుకోవాలని అనుకున్నారు. కొట్టుకోవడం లేదు, మూడో మనిషి లేదు. ఎన్నో ఏళ్ళుగా ఇద్దరి మధ్యా పని మాటలు తప్ప ఇంకో మాట మిగలలేదు, అంతే. ఒకరోజు అతను ఆ సంగతి పైకి అన్నాడు. ఆమె కాదనలేకపోయింది.

భోజనాల బల్ల మీద ఇంకో పని ఉంది. టైపు చేసిన ఒప్పందం. ప్రతి పేజీ కిందా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు.

"గుర్తున్న చోటల్లా సంతకం పెట్టెయ్. సోమవారం కోర్టులో వేస్తానన్నాడు లాయరు" అన్నాడతను బూట్లు తొడుక్కుంటూ. "ఇల్లు నీకే రాశాను. నీకు అన్యాయం చెయ్యలేదు, చూసుకో."

"ఇల్లు మొత్తమా?"

"మొత్తం. షాపూ వ్యానూ నేనుంచుకుంటాను. ఎవరిది వాళ్ళకి."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిలేసి వెళ్తున్నా, తలదాచుకునే చోటు మాత్రం తీసుకుపోవడం లేదు కదా అనుకుంది. పెన్ను మూత తీసింది.

ఇది చదువుతున్న అమ్మలూ అయ్యలూ ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కాపురాలు చెడితే గొడవల వల్ల నష్టం వస్తుందని మనం అనుకుంటాం. గొడవ లేకుండా, మంచి మాటల మధ్య, కళ్ళు తుడుచుకుంటూ చేసిన సంతకాల వల్ల వీధిన పడ్డవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళ సంగతి ఎవరూ చెప్పుకోరు. చెప్పుకోవడానికి అక్కడ ఏ కేకలూ వినపడలేదు కాబట్టి.

ఈమె చదవకుండా సంతకం పెట్టబోవడానికి ఒక కారణం ఉంది. అది ఆమె చేసే పనిలోంచి వచ్చింది.

వాళ్ళది యూనిఫారాలు కుట్టే షాపు. ఆసుపత్రులకూ హోటళ్ళకూ కర్మాగారాలకూ కుట్టి ఇస్తారు. అతను వెళ్ళి కొలతలు తీసుకుని వస్తాడు, బట్టల మీద సుద్దతో గీతలు గీస్తాడు. ఆమె కోస్తుంది. మిగతావాళ్ళు కుడతారు. పనివాళ్ళు అతన్ని మాస్టరనీ ఆమెను కటింగక్క అనీ పిలుస్తారు. మనమూ అలాగే పిలుద్దాం.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి, ఒక కోటు బట్ట మీద రెండు భుజాల గీతలూ సమానంగా లేవని కటింగక్కకు అనిపించింది. మాస్టరు పొరపాటు పడ్డాడనుకుని, రెండో గీతను సరిచేసి కోసింది. తీరా చూస్తే ఆ కోటు తొడుక్కునే మనిషికి ఒక భుజం వంగి ఉంటుందట. ఖరీదైన బట్ట పాడైంది. మాస్టరు తిట్టలేదు గానీ, వచ్చిన ప్రతివాళ్ళకూ ఆ కథ చెప్పి నవ్వించేవాడు. "మా ఆవిడ మనుషుల భుజాలు కూడా సరిచేస్తుంది, ఆసుపత్రికి వెళ్ళక్కర్లేదు" అనేవాడు. ఆనాటినుంచి ఆమె గీతను ప్రశ్నించలేదు. గీత ఎక్కడుంటే కత్తెర అక్కడ. బట్ట మీదే కాదు. బ్యాంకు కాగితాల మీద, అద్దె కాగితాల మీద, ఆయన పెన్సిలు గుర్తు ఎక్కడుంటే ఆమె సంతకం అక్కడే.

పెన్ను కాగితానికి తగలబోయే వేళకి తలుపు తోసుకుని మాస్టరు అక్క వచ్చింది. తమ్ముణ్ణి సాగనంపడానికి వచ్చిన మనిషి, ముందు మరదలి చేతిలో పెన్ను చూసింది.

"ఏమిటమ్మాయ్ అది?"

"విడాకుల ఒప్పందం వదినా."

"చదివావా?"

"ఆయన చదివారుగా."

"వాడు చదివితే నీకు అర్థమైపోతుందా? వాడు అన్నం తింటే ఎప్పుడైనా నీ కడుపు నిండిందా?" కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తిప్పింది వదిన. ఒకచోట వేలు ఆగింది. "ఒరేయ్ తమ్ముడూ, ఈ ఇంటి మీద అప్పు ఎంత మిగిలుందిరా?"

మాస్టరు బూటు తాడు బిగించడం ఆపలేదు. "సగం పైనే ఉంది. వ్యాను కొన్నప్పుడు మళ్ళీ పెంచాం కదా."

"పెంచామా?" అంది కటింగక్క.

"నువ్వేగా సంతకం పెట్టావు."

"నాతో అనలేదే!"

"నువ్వు అడగలేదు." అతని గొంతులో దాపరికం లేదు. నిజంగానే ఆమె అడగలేదు, కాబట్టి అతను చెప్పలేదు. అది తప్పని అతనికి ఆ క్షణం వరకూ తోచలేదు.

వదిన కళ్ళజోడు తీసింది. "మా ఆయనా నేనూ విడిపోయినప్పుడు నేనూ ఇల్లే కావాలన్నాను. పంతం. ఇల్లు నాకే వచ్చింది. ఊరంతా నేను గెలిచానంది. నెలనెలా కిస్తీ కట్టలేక రెండేళ్ళు తిరక్కుండానే వచ్చిన ధరకి అమ్ముకున్నాను. ఇల్లు నేను తీసుకున్నాననుకున్నా, ఇల్లే నన్ను తినేసింది." కాగితాలు మడిచి మరదలి ఒళ్ళో పెట్టింది. "ఇవాళ సంతకం లేదు."

"అక్కా! నువ్వు నా వైపా, దాని వైపా?"

"నేను నీ అక్కనిరా, అందుకే చెబుతున్నాను. తొందరపడి పెట్టిన సంతకం రేపు నీ మెడకీ చుట్టుకుంటుంది. బ్యాగు తీసుకుని జాగ్రత్తగా వెళ్ళు. వేళకు తిను."

అతను కోపంగానే బ్యాగు ఎత్తుకున్నాడు. మెట్ల దగ్గర కూతురు నిలబడి ఉంది. బడిలో పెద్ద తరగతులకు వచ్చిన పిల్ల. "నాన్నా, ఆదివారం వస్తావా?" అని మాత్రం అడిగింది. "వస్తాను చిట్టీ" అన్నాడు. బ్యాగు బరువుకు ఒక భుజం వంచుకుని మెట్లు దిగాడు.

*

లాయరమ్మ ఆఫీసు కోర్టు వెనక వీధిలో, జిరాక్సు షాపు మీద ఉంది. లావుపాటి మనిషి. కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేసుకుంటుంది. బల్ల మీద ఫైళ్ళ కంటే ముందు బిస్కెట్ల డబ్బా కనపడుతుంది. వచ్చినవాళ్ళకు ముందు డబ్బా మూత తీసి జరపడం ఆమె అలవాటు. నోట్లో బిస్కెట్టు ఉన్నవాళ్ళు ఏడవలేరని ఆమె నమ్మకం.

వదినను వెంటబెట్టుకుని వచ్చిన కటింగక్క తన కాపురం మొదటినుంచీ చెప్పబోయింది.

"ఎవరిది తప్పో తర్వాత చెబుదురుగాని. ముందు మీకేమున్నాయో చెప్పండి, ఎవరికేం బాకీ ఉన్నారో చెప్పండి" అంది లాయరమ్మ. "దానికంటే ముందు నా ఫీజు చెబుతాను, కాగితం మీద రాసిస్తాను. నాకంటే తక్కువ తీసుకునేవాళ్ళు కావాలంటే పేర్లు చెబుతాను. అసలు ఇచ్చుకోలేకపోతే కోర్టులోనే ఉచితంగా లాయరునిచ్చే ఆఫీసుంది, వెళ్ళి అడగడానికి సిగ్గుపడకండి. అంతేగానీ మీ ఆయన లాయరునే మీ లాయరనుకోకండి."

"ఆయన మంచివాడేనండీ. నేను వెళితే లేచి కుర్చీ వేశాడు."

"కుర్చీ వెయ్యడం మర్యాద. మీ తరఫున ఆలోచించడం ఉద్యోగం. ఆ ఉద్యోగం ఆయనకి మీరివ్వలేదు."

వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"షాపు ఆయనకి వెళితే మీకు నెలకి ఏమొస్తుంది?"

"ఎక్కడో ఒకచోట కటింగుకి వెళతానండీ."

"ఆ వచ్చేదాంతో ఇంటి కిస్తీ కట్టి, పిల్లని చదివించి, మీరు తినగలరా?"

కటింగక్క చేతిలో బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది.

"అంటే ఆయన మీకు రాసింది ఇల్లు కాదమ్మా. అప్పు. గోడలు దాంతో పాటు వచ్చాయి."

"అప్పు వాడే కడతాడని రాయిస్తేనో?" అంది వదిన.

"రాయించొచ్చు. కానీ బ్యాంకు మీ ఒప్పందం చదవదు. అప్పిచ్చినప్పుడు ఇద్దరూ సంతకం పెట్టారు. ఆయన కట్టకపోతే ఈమె తలుపే కొడతారు. మొగుడూ పెళ్ళాలు విడిపోయినంత మాత్రాన బ్యాంకు ఎవర్నీ విడిచిపెట్టదు. ఆ అప్పులోంచి మీ పేరు తీసేసినట్టు బ్యాంకు కాగితమన్నా ఇవ్వాలి, లేదంటే అప్పన్నా తీరిపోవాలి. రెండూ కాకుండా 'వాడు కడతాడులే' అనుకుంటే, అది ఒప్పందం కాదు, ఆశ."

తర్వాత లాయరమ్మ ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. షాపు అద్దె కాగితం ఎవరి పేరున ఉంది? మిషన్లు ఎప్పుడు కొన్నారు? కుట్టి ఇచ్చేసిన పనికి ఇంకా రావలసిన డబ్బు ఎంత? అతని జీవిత బీమాలో ఎవరి పేరు రాశారు? పిల్లకు జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు ఏ బీమా కింద వస్తుంది, విడాకుల తర్వాత కూడా అది ఉంటుందా? చాలావాటికి కటింగక్క దగ్గర జవాబు లేదు. సిగ్గుతో తల వంచుకుంది.

"తెలియకపోవడం తప్పేం కాదు. తెలుసుకోకుండా సంతకం పెట్టడం తప్పు. ఇంకేమన్నా ఉందా, చెప్పనిది?"

కటింగక్క వదిన వైపు చూసి, గొంతు తగ్గించింది. "నా పేరున విడిగా ఒక ఖాతా ఉందండీ. కొద్దికొద్దిగా వేసుకున్నాను. అదీ చెప్పాలా?"

"ఓసి దొంగదానా! పోయిన ఏడాది నా దగ్గర చేబదులు తీసుకున్నావే!" అంది వదిన.

"తిరిగిచ్చానుగా వదినా!"

"చెప్పాలి" అంది లాయరమ్మ. "మీరు ఒకటి దాస్తే, రేపు ఆయన పది దాచినా మనం నోరెత్తలేం. ఇంకో మాట. ఇద్దరి పేరా ఉన్న ఖాతాలోంచి రేపు పొద్దున్నే ఉన్నదంతా లాగెయ్యమని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు. వినకండి. ఇద్దరి సంతకాలూ లేనిదే పెద్ద మొత్తం కదలకూడదని బ్యాంకుకి ఉత్తరం ఇస్తే చాలు."

అప్పటిదాకా అణచుకున్న కోపం కటింగక్కలో ఒక్కసారి పొంగింది. "పిల్ల ఫీజు కట్టనంటే మాత్రం నేను ఊరుకోనండీ. ఆదివారం పిల్లని పంపను. చూడనే చూడనివ్వను."

లాయరమ్మ బిస్కెట్ల డబ్బా మూత పెట్టేసింది. "ఆ మాట ఈ గదిలోనే వదిలెయ్యండి. పిల్ల ఆదివారం పిల్లది. డబ్బు బేరంలో పిల్లని పెట్టినవాళ్ళ మాట ఏ జడ్జీ నమ్మడు. దానికంటే ముందు పిల్ల నమ్మదు."

*

అప్పటినుంచి కటింగక్క మధ్యాహ్నాలు కాగితాల కోసం తిరిగింది. బ్యాంకులో క్యూలో నిలబడి, అప్పు ఎంత మిగిలిందో రాతపూర్వకంగా తెచ్చుకుంది. ఇంటికి ఎంత ధర పలుకుతుందో ఒక్కరినే అడగకుండా ఇద్దరిని అడిగింది. ఇద్దరూ వేరు వేరు ధరలు చెప్పారు. తక్కువ చెప్పినదాన్నే ఆధారం చేసుకోమంది లాయరమ్మ. అమ్మితే పన్ను ఏమన్నా పడుతుందేమో ముందే కనుక్కోమంది. మిషన్లు కొనేవాణ్ణి పిలిపించి ఒక్కోటీ చూపించింది. కటింగ్ మిషనుకి అతను చెప్పిన ధర విని ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళూ తను ఎంత విలువైన దాన్ని పట్టుకుని పనిచేసిందో ఆమెకు తెలియదు.

షాపులో అందరికీ విషయం తెలిసిపోయింది. బొత్తాలు కుట్టే ముసలమ్మ దారం కొరుకుతూ అంది: "ఇల్లు ఇస్తానంటే వద్దనేదాన్ని నా జన్మలో నిన్నే చూశానే. మాస్టరు మంచోడు గాబట్టి ఇచ్చాడు. ఇంకోడైతే చిప్ప చేతికిచ్చేవాడు."

"మంచోడు కాదని నేనన్నానా పిన్నీ?"

"మరి ఆ లాయరమ్మ చుట్టూ తిరుగుడెందుకు? ఆవిడకి పెళ్ళే కాలేదంట. ఆవిడకేం తెలుసు కాపురం?"

"కాపురం గురించి అడగడానికి వెళ్ళలేదు పిన్నీ. అది అయిపోయింది."

ముసలమ్మ సూదికి మళ్ళీ దారం ఎక్కించుకుంది.

ఆ సాయంత్రం ఆసుపత్రి కోట్ల బట్ట దొంతరగా పరిచి ఉంది. పైన మాస్టరు గీతలు. అతను రోజూ వచ్చి గీతలు గీసి, మాట్లాడకుండా వెళ్ళిపోతున్నాడు. కటింగక్క మిషను ఆన్ చేసి, మళ్ళీ ఆపేసింది. ఆ వంగిన భుజం మనిషి గుర్తొచ్చాడు. అప్పుడు మాస్టరు గీత ఎందుకు సరైనదైంది? ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టి, టేపు పెట్టి చూశాడు కాబట్టి. మనిషిని నిలబెట్టి కొలవందే అతను ఏనాడూ గీత గీయలేదు. అందుకే ఆమె ఆ గీతల్ని నమ్మింది, నమ్మి చెడిపోలేదు. కానీ భోజనాల బల్ల మీద పెట్టిన ఆ కాగితంలోని గీత ఎవర్ని కొలిచి గీసింది? ఆమె ఏం సంపాదించగలదో అతను అడగలేదు. పిల్ల చదువు ఎన్నేళ్ళుందో లెక్క చూడలేదు. చివరికి, ఆమె కిస్తీ కట్టలేకపోతే ఆ అప్పు తన పేరు మీద కూడా ఉంటుందని చూసుకోలేదు. అతను మోసం చెయ్యలేదు. కొలత తీసుకోలేదు, అంతే.

ఆమె మిషను మళ్ళీ ఆన్ చేసింది. గీత మీదే, శుభ్రంగా, ఆసుపత్రి కోట్లన్నీ కోసింది.

*

అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి షాపే మేలని అనుకున్నారు. సెలవురోజు. మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. పొడవాటి కటింగు బల్లకి ఒక వైపు మాస్టరూ అతని లాయరూ, రెండో వైపు కటింగక్కా లాయరమ్మా. వదిన ఎటూ కాకుండా బల్ల చివర కూర్చుంది. మాస్టరు లాయరు సన్నటి మనిషి, ప్రతిదానికీ "సింపుల్ మేటరండీ" అంటాడు.

"సింపుల్ మేటరండీ. ఇల్లు అమ్మగారికి, షాపు అయ్యగారికి. ఇంతకంటే ఉదారంగా ఎవరిస్తారు?"

లాయరమ్మ నోరు తెరవబోయింది. కటింగక్క ఆమె మోచేతి మీద చెయ్యి వేసి, భర్త వైపు చూసింది.

"కొలతలు మళ్ళీ తీసుకుందామండీ."

మాస్టరు మొహం ఎర్రబడింది. "నా గీత మీద నీకు నమ్మకం లేదా? ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పానా?"

"బట్ట మీద తప్పలేదు. దీని మీద మీరు టేపే పెట్టలేదు. నన్ను నిలబెట్టి అడగలేదు."

"ఇల్లు ఇస్తున్నానే! ఇంకేం కావాలి?"

"పని కావాలి. ఇల్లు తీసుకుని పని వదులుకుంటే, కిస్తీ కట్టలేక రెండూ పోతాయి. పిల్ల చదువు కూడా పోతుంది."

"షాపు నాది. ఊరూరూ తిరిగి ఆర్డర్లు తెచ్చింది నేను."

"తెచ్చింది మీరు. కోసింది నేను. మీరు తెచ్చిన ఆర్డరు కొయ్యకపోతే అది బట్ట తానుగానే ఉండేది."

"అదీ మాట!" అంది వదిన.

"అక్కా, నువ్వూరుకో!"

"ఊరుకున్నాను గాబట్టే ఇందాకట్నుంచి నీ పక్కన కూర్చోలేదు."

సన్నటి లాయరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. లాయరమ్మ అదే అదనుగా కాగితాలు బల్ల మీద పరిచింది. ఇంటి ధర, అందులోంచి అప్పు పోగా మిగిలేది, మిషన్ల విలువ, వ్యాను, రావలసిన డబ్బు, కటింగక్క విడి ఖాతా కూడా. ఆ ఖాతా చూసి మాస్టరు కనుబొమ్మలు ఎగరేశాడు.

"ఇదెప్పటిది?"

"మీరు అడగలేదు" అంది కటింగక్క. అతని మాటే అతనికి తగిలింది. మొదటిసారి అతని మొహంలో బిగువు కాస్త సడలింది.

"మాస్టరుగారూ, ఒక్క సంగతి చూడండి" అంది లాయరమ్మ నెమ్మదిగా. "ఆ అప్పు మీద మీ పేరూ ఉంది. ఆమె కట్టలేకపోతే మీ పేరూ చెడుతుంది. రేపు మీకు కొత్త మిషనుకి అప్పు కావాలంటే ఏ బ్యాంకూ ఇవ్వదు. ఈ కాగితం ఆమెకి ఎంత నష్టమో మీకూ అంతే."

మాస్టరు తన లాయరు వైపు చూశాడు. ఆయన కాగితాలు ఒకటికి రెండుసార్లు చదివి, గొంతు సవరించుకున్నాడు. "అంత సింపుల్ కాదండీ ఇది" అన్నాడు.

ఆ తర్వాత మాటలు సాయంత్రం దాకా సాగాయి. ఒకసారి మాస్టరు కుర్చీ తోసుకుని లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. ఇంకోసారి కటింగక్క, అతని వాటా ఇంకా తగ్గించాలని పట్టుబట్టింది. అప్పుడు లాయరమ్మే ఆమెను ఆపింది: "ఎదుటిమనిషి కట్టలేని ఒప్పందం మీకు పనికిరాదు. ఆయన నిలబడితేనే మీకు డబ్బొస్తుంది." ఆ మాట ఆమె వైపు లాయరు నోట వస్తుందని మాస్టరు ఊహించలేదు. ఆ తర్వాత బేరం సులువైంది.

చివరికి ఇలా కుదిరింది. ఇల్లు అమ్మి ముందు బ్యాంకు అప్పు తీర్చడం, మిగిలింది చెరిసగం. షాపు అద్దె కాగితం, మిషన్లు కటింగక్కకు. వ్యానూ బయటి ఆర్డర్లూ మాస్టరుకు. అతను తెచ్చిన ఆర్డర్లు ఆమె కోసి ఇస్తుంది, దానికి రేటు ముందే రాసుకున్నారు. మిషన్లలో అతని వాటాకు బదులు, ఇంటి డబ్బులో ఆమె కొంత తగ్గించుకుంది. పిల్ల ఖర్చుకు అతను నెలనెలా ఇచ్చేది ఏటా ధరలతో పాటు పెరగాలి. చదువుకు మాత్రం విడిగా, ఇంటి డబ్బులో అతని వాటాలోంచి ఒక మొత్తాన్ని పిల్ల పేర డిపాజిట్ చెయ్యాలి. బడికీ కాలేజీకీ ఫీజు అందులోంచి నేరుగా వెళ్ళాలి, తల్లైనా తండ్రైనా ఇంకో దానికి తియ్యడానికి వీల్లేదు.

ఈ చివరి మాట దగ్గర మాస్టరు నొచ్చుకున్నాడు. "నా పిల్లకి నేను ఫీజు కట్టనా? డిపాజిట్ దేనికి? నేనెక్కడికి పోతాను?"

లాయరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ అంది: "కడతారు. అందుకే ఇవాళ పెట్టండి. ఇవాళ మీకు ఇష్టం ఉంది. రేపు ఇష్టం ఉండి వీలు లేకపోవచ్చు."

అతను బల్ల మీది గాట్లను వేలితో తడిమి, సరేనన్నాడు. కోర్టులో ఆఖరి మాట చెప్పే రోజు కంటే ముందే ఇల్లు అమ్మిన డబ్బు, డిపాజిట్ కాగితం, అప్పు తీరినట్టు బ్యాంకు రాసిన ఉత్తరం చేతికి రావాలని లాయరమ్మ పట్టుబట్టి రాయించింది. అవన్నీ వచ్చాకే కటింగక్క కోర్టు బోనులో నిలబడి సమ్మతించానని చెప్పింది. ఈసారి ఏ పేజీ మీదా పెన్సిలు గుర్తులు లేవు. ప్రతి పేజీ చదివాక, చోటు తనే వెతుక్కుని సంతకం పెట్టింది.

*

ఇల్లు కొన్నవాళ్ళకు తాళంచెవి ఇచ్చిన రోజు ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు గురించి దాచవలసిందేమీ లేదు. షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. కింద మిషన్ల చప్పుడు, పైన పిల్ల చదువు. మాస్టరు ఆదివారాలు వచ్చేవాడు. పిల్లను సినిమాకు తీసుకువెళ్ళి చీకటి పడకముందే దింపేవాడు. వారంలో ఒకటి రెండుసార్లు బట్టలు తెచ్చి, గీతలు గీసేవాడు. "కొలతలు సరిగా తీశారా?" అని కటింగక్క అడిగేది. "నిలబెట్టే తీశానులే తల్లీ" అనేవాడు. విడిపోయిన తర్వాత వాళ్ళిద్దరూ, కలిసున్న రోజుల్లో కంటే ఎక్కువ మాట్లాడుకున్నారంటే అబద్ధం కాదు.

కొన్నాళ్ళకు రెడీమేడు కంపెనీలు వచ్చి బయటి ఆర్డర్లు తగ్గాయి. మాస్టరు వ్యాను అమ్ముకున్నాడు. దూరంగా ఇంకో ఊళ్ళో ఒక పెద్ద ఫ్యాక్టరీలో పని దొరికిందన్నాడు. అక్కడికి వెళ్ళాక నెల డబ్బు మొదట ఆలస్యమైంది, తర్వాత తగ్గింది, తర్వాత ఆగిపోయింది. లాయరమ్మ నోటీసులు పంపింది. వదిన ఫోన్లు చేసి తిట్టింది, బతిమాలింది. అతను చెడ్డవాడై ఆపలేదు. అతని చేతిలోనూ డబ్బు లేదు.

పాత కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ఆ ఏడాది తల్లీకూతుళ్ళు ఎక్కడుండేవారో మీరే ఆలోచించండి. బ్యాంకు వాళ్ళు తలుపు కొట్టేవారు. కొట్టడానికి ఆమెకు తలుపు ఉన్నంత కాలం. ఇప్పుడు ఎవరూ కొట్టలేదు. షాపు ఆమె పేరున ఉంది, పని ఉంది. ఊళ్ళోని చిన్న హోటళ్ళూ బడులూ ఆమె దగ్గరికే వస్తున్నాయి. ఇప్పుడు కొలతలూ ఆమే తీస్తుంది, గీతలూ ఆమే గీస్తుంది. పిల్ల కాలేజీ ఫీజు ఏటా డిపాజిట్లోంచి నేరుగా, ఎవరినీ అడగకుండా, వేళకు వెళ్ళింది.

పిల్ల కాలేజీ చదువు పూర్తయ్యాక తల్లీ కూతురూ వదినా ముగ్గురూ కలిసి లాయరమ్మకు బిస్కెట్ల డబ్బా పట్టుకెళ్ళారు. ఆమె డబ్బా తీసి ముందు వదినకు పెట్టి, పిల్లతో అంది: "చూడమ్మా, మనుషుల మంచితనాన్ని నమ్మొద్దని నేను చెప్పను. నమ్ము. కానీ విడిపోయేటప్పుడు, ఆ మంచితనం ఉన్న రోజునే అంతా కొలిచి, అప్పులు తీర్చి, రాసుకోవాలి. మనుషులు ఎటు వెళతారో ఎవరికీ తెలియదు. సరిగ్గా రాసుకున్నది మాత్రం ఎక్కడికీ వెళ్ళదు."

మాస్టరు, కూతురు కాలేజీలో చేరిన ఏడాది, వానలు మొదలైన వారంలో, ఒక ఆదివారం సాయంత్రం పిల్లను ఇంటి దగ్గర దింపి, ఫ్యాక్టరీ ఉన్న ఆ దూరపు ఊరికి బస్సెక్కాడు. తిరిగి రాలేదు.